నేను సరేనన్నానట

అరెకిపా, 2016 మే 8

యాదిరా తల్లీ,

ఉత్తరం చూసి హడలిపోకు, ఎవరికీ ఏమీ కాలేదు. చేతిలో ఫోను పెట్టుకుని పెద్దమ్మ కాగితం మీద రాయడమేమిటనుకుంటావు. ఇకమీదట ఫోనులో ముక్క మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఎందుకో చెబుతాను, రొట్టె తింటూ చదువు.

దోన్ ఎవారిస్తో మన జ్యూస్ కొట్టు అమ్మేస్తున్నాడు. ఇరవై రెండేళ్ళుగా అద్దె కడుతున్నదాన్ని గనక ముందు నన్నే అడిగాడు. ఆగస్టు ముప్పై ఒకటి దాకా గడువు. ఈలోగా డబ్బు సర్దలేకపోతే సెల్‌ఫోను కవర్లు అమ్మేవాడికి ఇచ్చేస్తాడు. ఈ వయసులో మిక్సీ నెత్తిన పెట్టుకుని నేనెక్కడికి పోను? అప్పు కోసం సహకార బ్యాంకుకి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు కంప్యూటరు తెర నావైపు తిప్పాడు. నా పేరు ఎర్రగా ఉంది. పెద్ద షాపు వాళ్ళ క్రెడిట్ కార్డుకి నేను నాలుగు వందల ఎనభై ఆరు సోల్‌లు ఎగ్గొట్టానట. ఆ ఎరుపు పోయేదాకా అప్పు పుట్టదన్నాడు. నా వెనకాల వరసలో పదిమంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ కార్డు నీకు తెలుసు, ఆరేళ్ళ కిందట వాయిదాల మీద మిక్సీ కొన్నప్పుడు ఇచ్చారు. వాయిదాలు తీరిపోయాయి, కార్డు చాపి మాత పటం వెనక దుమ్ము తింటోంది. వాళ్ళకి ఐదుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ నలభై నిమిషాలు సంగీతం. ఐదోసారి ఒకమ్మాయి, "మేడమ్, పోయినేడాది ఫిబ్రవరిలో మీరు ఫోనులో కుటుంబ బీమాకి సరేనన్నారు. నెలకి పద్దెనిమిది తొంభై. కట్టలేదు కాబట్టి వడ్డీ, జరిమానా, బిల్లు పంపినందుకు రుసుము" అంది. ఏ బిల్లమ్మా, నాకేం రాలేదే అన్నాను. "మెయిల్లో పంపాం మేడమ్." నాకు మెయిలే లేదు. "మీ గొంతు రికార్డయి ఉంది మేడమ్."

బొప్పాయి పండు రెండుసార్లు తూచనిదే ఎవరికీ సరేనననిదాన్ని, నేను ముక్కూ మొహం తెలియని దానికి సరేనన్నానట. అందుకే ఇక ఫోనుకి నా మాట దక్కదు. ఉత్తరాలు బస్సు పార్సిల్లో రొట్టె, జున్నుతో పాటు పంపుతాను. నువ్వూ కాగితం మీదే రాయి, కింద సంతకం పెట్టు.

విమానం టిక్కెట్ల ఆఫీసులో నువ్వూ ఫోన్ల మధ్యే కూర్చుంటావు కదా. ఆ నలభై నిమిషాలూ అవతలి వాళ్ళు ఏం చేస్తూ ఉంటారు? కోపంతో కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

నీ పెద్దమ్మ,
హెర్మెలిందా


లిమా, మే 15

పెద్దమ్మా,

రొట్టెలు నా గదిలో ఉండే అమ్మాయిలు నాకు రెండే మిగిల్చారు. జున్ను దాచేశాను.

నలభై నిమిషాలు మేం గోళ్ళు గిల్లుకుంటూ ఉండం. ఒక వరసలో ఇరవై మందిమి, లైన్లో ఎప్పుడూ వంద మంది ఉంటారు. ఎదురుగా గడియారం. ఒక్కో ఫోన్ కాల్ మూడు నిమిషాల్లో ముగించాలి. బాత్రూముకి వెళ్ళాలంటే చెయ్యెత్తాలి, ఆరు నిమిషాలు దాటితే సూపర్‌వైజరు పేరు బోర్డు మీద రాస్తాడు. జనం అమ్మనీ అక్కనీ కలిపి తిడతారు, మేం "అర్థమైంది మేడమ్" అంటాం. తిట్లు ఇంటిదాకా రాకూడదని మాకు ఫోను పేర్లు వేరే ఇస్తారు.

నాలుగు వందల ఎనభై ఆరు కోసం ఆ గొడవంతా నీకెందుకు? నా దగ్గర ఉన్నాయి. పార్సిల్లో ఊలు కింద ఐదు వందలు పెట్టాను. కట్టెయ్. నెల తిరక్కుండా నీ పేరు బాగుపడుతుంది, కొట్టు నీదవుతుంది. వాళ్ళతో వాదించి ఎవరూ గెలవలేదు.

ఫోన్ ఎత్తు పెద్దమ్మా, నీ గొంతు వినక వారమైంది.

యాదిరా


అరెకిపా, మే 29

యాదిరా,

నీ ఐదు వందలూ రొట్టెల సంచి అడుగున మేజోడులో ఉన్నాయి, తీసుకో. గది అద్దె కట్టాక నీకేం మిగులుతుందో నాకు తెలియదా? తినని తిండికి నేను డబ్బు కట్టేదేమిటి? కడితే తిన్నట్టే. ఊరంతా, హెర్మెలిందా ఎగ్గొట్టింది, దొరికిపోయాక కట్టింది అనుకుంటుంది.

నేను షాపుకే వెళ్ళి ఫిర్యాదుల పుస్తకం అడిగాను. గుమ్మం దగ్గర "మా దగ్గర ఫిర్యాదుల పుస్తకం ఉంది" అని అంత బోర్డు పెట్టుకున్నారు, అడిగితే మాత్రం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. బీరువాలో ఉంది, తాళం ఉన్నావిడ భోజనానికి వెళ్ళింది అన్నారు. సరే, ఆవిడ బాగా తినిరానీ అని ఫ్రిజ్‌ల మధ్య అమ్మకానికి పెట్టిన సోఫాలో కూర్చుని అల్లిక మొదలెట్టాను. ఇద్దరు ముగ్గురు నన్ను సోఫా ధర అడిగారు కూడా. గంటన్నరకి పుస్తకం వచ్చింది. కొత్తగా, పెళ్ళికూతురిలా ఉంది. ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

గడులు నింపడానికి పక్కకొట్టు నిల్దాని తీసుకెళ్ళాను. ఆలివ్‌లు అమ్మేదే గానీ దానికి కాగితాల మీద మంచి పట్టు. నా గుర్తింపు కార్డు నంబరు నాకంటే దానికే బాగా వచ్చు. ఒక కాగితం వాళ్ళకి, ఒకటి ప్రభుత్వానికి, పసుపుది నాకు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "మీరేం కోరుతున్నారు" అనే గడిలో ఇలా రాయించాను: నేను సరేనన్న రికార్డింగు నాకు వినిపించండి. నా గొంతు నాకు తెలియకుండా ఎక్కడ తిరిగొచ్చిందో నేనూ వినాలి.

నాతో మాట్లాడిన వాళ్ళ పేర్లన్నీ రాసి పెట్టుకున్నాను: ఆంజెలా, మిషెల్, లూసెరో, మళ్ళీ ఇంకో ఆంజెలా. అవేవీ అసలు పేర్లు కావంటే నేను ఇన్నాళ్ళూ ఎవర్ని తిట్టినట్టు? పాపం లూసెరోకి జలుబు చేసింది, నిమ్మకాయ వేడినీళ్ళు తాగమన్నాను. నీకక్కడ ఏం పేరు పెట్టారు?

హెర్మెలిందా పెద్దమ్మ


లిమా, జూన్ 12

పెద్దమ్మా,

నన్ను వలేరియా అంటారు. అందులో వింతేమీ లేదు.

రికార్డింగు విని ఏం చేస్తావు? ఏడాది కిందటి సంగతి, గరగరమంటూ ఏమీ అర్థం కాదు. వాళ్ళు నిన్ను ఆఫీసుల చుట్టూ తిప్పి తిప్పి ఆగస్టు దాటించేస్తారు, అప్పుడు కొట్టు కూడా పోతుంది. దయచేసి ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకో. డబ్బు మళ్ళీ పంపుతున్నాను. ఈసారి మేజోడులో పెట్టి తిప్పి పంపకు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది, ఎక్కువ రాయలేను.

యా.


అరెకిపా, జూన్ 26

యాదిరా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో నువ్వు లేవు. నీకు ఆరేళ్ళప్పుడు మా చెల్లెలు పోతే నిన్ను తెచ్చుకున్నాను. జ్యూస్ బల్ల కింద నారింజల గోనెల మీద పడుకుని పెరిగావు. నీ మాటలో తేడా నాకు తెలియదనుకోకు.

ఆలోచించి ఆలోచించి ఒకటి కనిపెట్టాను. ఆ కార్డు కంపెనీలో నీకు నచ్చినవాడు ఎవడైనా ఉన్నాడా? పెద్దమ్మ అక్కడికెళ్ళి అల్లరి చేస్తే వాడి ముందు నీకు చిన్నతనం అవుతుందనా? ఉంటే చెప్పు, కోప్పడను. వాడి పేరు మాత్రం అసలుదో ఫోనుదో కనుక్కో.

అది కాకపోతే, మార్కెట్లో జ్యూస్ తీసే పెద్దమ్మ ఉందని ఆఫీసులో తెలియడం నీకిష్టం లేదనుకోవాలి. అలా అనుకున్న రోజు నాకు అన్నం సయించలేదు.

డబ్బు మళ్ళీ మేజోడులోనే ఉంది, ఈసారి రెండోదాంట్లో. ఇప్పుడు నీకు జత పూర్తయింది.

కంపెనీ జవాబొచ్చింది. జులై ఐదున ఇక్కడి వాళ్ళ ఆఫీసుకి రమ్మన్నారు, రికార్డింగు వినిపిస్తారట. నాకు పెళ్ళిచూపుల ముందు కూడా ఇంత ఆత్రం లేదు.

పెద్దమ్మ


అరెకిపా, జులై 10

యాదిరా తల్లీ,

విన్నాను.

మిలుస్కా అనే అమ్మాయి నా చెవులకి పెద్ద హెడ్‌ఫోన్ తగిలించింది. ముందు బీమా అమ్మిన పిల్ల గొంతు వచ్చి గబగబా ఏదో చదివింది. తర్వాత నేనొచ్చాను. నేను కాదు, నాలాంటిది. "చెప్పు నాన్నా" అంది, అచ్చు నేను కొట్టు దగ్గర అన్నట్టే సాగదీసి. పుట్టినరోజు చెప్పింది, గుర్తింపు కార్డు నంబరు తడుముకోకుండా చెప్పింది. "జ్యూస్ కొట్టు నాది, మాటలకి తీరిక లేదు, తొందరగా కానియ్" అని విసుక్కుంది కూడా. నాకు నవ్వొచ్చింది, ఎంత బాగా చేసిందో. ఒక చోట మాత్రం నవ్వు ఆగిపోయింది. అది తర్వాత.

గొంతు నాది కాదు. నన్ను రోజూ వినేవాళ్ళెవరో చేసిందే. నా నంబరు, పుట్టినరోజు ఎవరికి తెలుసు? దేవుడికి, నీకు, నిల్దాకి. కార్నివాల్ వచ్చిందంటే నాలా మాట్లాడి మార్కెట్టంతా నవ్వించేది నిల్దాయే. లెక్క తేలిపోలేదూ? మొన్నటి నుంచి దాంతో మాటలు మానేశాను. రెండు కొట్ల మధ్య గోనెపట్టా కట్టాను. అది పట్టా అవతలి నుంచి, "హెర్మె, నేనేం చేశానే?" అని అడుగుతోంది. పద్దెనిమిదేళ్ళ స్నేహం. అడిగినప్పుడల్లా మిక్సీ వేసేస్తున్నాను.

మిలుస్కా ఒక పత్రం ఇచ్చింది. అందులో నాది అనో, నాది కాదు అనో రాసి సంతకం పెట్టాలి. నాది అంటే బాకీ నిలుస్తుంది, ఎరుపు నిలుస్తుంది, కొట్టు పోతుంది. కాదంటే వాళ్ళు ఆ అమ్మిన పిల్లనీ, నాలా మాట్లాడినదాన్నీ వెతికి పట్టుకుని పోలీసులకి ఇవ్వొచ్చట. జులై ఇరవై రెండు దాకా ఆలోచించుకుంటానని వచ్చేశాను. ఎందుకు ఆగానో నాకే తెలియడం లేదు. నువ్వేమంటావు?

పెద్దమ్మ


లిమా, జులై 14

పెద్దమ్మా,

గోనెపట్టా తీసెయ్. నిల్దా ఆంటీకేం తెలియదు. అది నేను.

ఇక్కడ చేరిన కొత్తలో నన్ను వేసింది విమానాలకి కాదు, ఆ కార్డు బీమాలు అమ్మే వరసలో. నీకు అబద్ధం చెప్పాను, ఎందుకంటే ఎవరికో ఫోన్ చేసి అక్కర్లేనివి అంటగట్టడం నీకు నచ్చదు. మూడు నెలలు పరీక్ష. నెలకి నలభై అమ్మాలి, లేకపోతే ఇంటికే. మూడో నెల ఆఖరి రోజున నాకు ముప్పై ఎనిమిది అయ్యాయి. రెండు తక్కువైతే ఏం చెయ్యాలో మా వరసలో అందరికీ తెలుసు. ఇంట్లోవాళ్ళ పేర్లు వేస్తారు. మొదటి నెల ఉచితం, డబ్బు పడకముందే రద్దు చేస్తారు. పక్క సీటు లిజ్బెత్ వాళ్ళ అమ్మమ్మని వేసింది. ఒకటి ఆమె అత్త పేరు మీద నాకిచ్చింది. రెండోది నువ్వు. నేను మెట్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను, లిజ్బెత్ నా సీట్లో కూర్చుని నా సెల్‌కి ఫోన్ చేసింది. నేను నువ్వయ్యాను. నోటికొచ్చిన మెయిల్ ఒకటి చెప్పాను.

తర్వాత వారమే రద్దు చేయిద్దామని వెళ్ళాను. రద్దు చేసే విభాగం వేరే. కస్టమరు తన గొంతుతో అడిగితేనే చేస్తామన్నారు, పావుగంట బతిమాలతారు, అది కూడా రికార్డు చేస్తారు. అంటే నేను ఇంకోసారి నువ్వవ్వాలి. మొదటిసారి అయ్యాక ఆ రాత్రంతా ఏడ్చాను పెద్దమ్మా, రెండోసారి నావల్ల కాలేదు. ఈలోగా నన్ను విమానాల వైపు మార్చారు. వాడని కార్డు కదా, దానంతటదే పోతుందిలే అనుకున్నాను. నిజానికి అనుకోలేదు, అటువైపు చూడడం మానేశాను.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఈ మధ్యాహ్నం కిందికి వెళ్ళి, మా బిల్డింగులో ఫిర్యాదుల పుస్తకం అడిగాను. ఉద్యోగులకి ఇవ్వరన్నారు. మా అమ్మకి ఇస్తారా అన్నాను, కాసేపటికి ఇచ్చారు. ఫిర్యాదు చేసేది: యాదిరా. ఎవరి మీద: వలేరియా. ఏం జరిగిందో అంతా రాశాను, నా గురించి మాత్రమే. కోరేదేమిటి అనే గడిలో, మా పెద్దమ్మ పేరులో ఎరుపు తీసెయ్యండి అని రాశాను. సెక్యూరిటీ ఆయన చదివి, "ఇంతకీ మేం ఎవర్ని మందలించాలమ్మా?" అని అడిగాడు. పసుపు కాగితం నకలు దీంతో పెడుతున్నాను, మిలుస్కాకి చూపించు. సాయంత్రం సూపర్‌వైజరు పిలిచి, కబురు చేసేదాకా రావద్దన్నాడు.

నాది కాదు అని సంతకం పెట్టు. నన్ను చూసి ఆగకు.

యాదిరా


అరెకిపా, జులై 24

యాదిరా,

సంతకం పెట్టాను. నాది కాదు అనే.

కోపంగా ఉంది. బోలెడంత కోపంగా ఉంది. మూడు రోజులు పండు కోస్తే చెయ్యి తెగింది. డబ్బుకి కాదు. రెండు నెలలు నేను ఆ రికార్డింగు వెంటపడి తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నావు. నిల్దాని దొంగని చేశాను, అది నా తప్పే, నీ మీదికి తొయ్యను.

పట్టా తీసి దాని కాళ్ళు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు. నాకు ఆలివ్‌లు ఇకమీదట రెట్టింపు ధరకంది. కొంటున్నాను.

ఇంతకంటే ఇప్పుడు రాయలేను. రొట్టె పంపాను, తిను.

హెర్మెలిందా


లిమా, ఆగస్టు 14

పెద్దమ్మా,

నన్ను తీసేశారు. పోలీసుల దాకా పోవడం లేదట, పోతే రద్దు విభాగం సంగతి కూడా బయటపెట్టాలి కదా అని లిజ్బెత్ అంది. ఆమె తనంతట తనే వెళ్ళి అమ్మమ్మదీ అత్తదీ రద్దు చేయించింది. ఆమెని చూసి మా పాత వరసలో ఏడుగురు అమ్మమ్మలకి, ఇద్దరు మేనమామలకి విడుదలయిందట.

గది ఈ నెలాఖరు దాకా ఉంది. తర్వాత ఏం చెయ్యాలో చూసుకుంటాను. ఇంటికి రానా అని అడిగే మొహం నాకు లేదు, అందుకే అడగడం లేదు.

కొట్టు సంగతి రాయి. అదొక్కటి తెలిస్తే చాలు.

యాదిరా


అరెకిపా, ఆగస్టు 30

యాదిరా తల్లీ,

ఎరుపు పోయింది. సహకార బ్యాంకు ఆఫీసరు మళ్ళీ తెర తిప్పి చూపించాడు, ఈసారి నేనే తిప్పించాను, వరసలో వాళ్ళందరికీ కనపడేలా. అప్పు నిన్న చేతికొచ్చింది. ఈ పొద్దున దోన్ ఎవారిస్తోతో నోటరీ దగ్గరికి వెళ్ళాం. గడువుకి ఒక్కరోజు ముందు. కవర్లవాడు గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళిపోయాడు. కొట్టు నాది. కాగితం నిల్దా చదివి, అన్ని గడులూ సరిగ్గానే ఉన్నాయంది. ఆలివ్‌ల ధర మాత్రం తగ్గించలేదు.

మిలుస్కా దగ్గర సంతకం పెట్టిన రోజు సంగతి ఒకటి నీకు రాయలేదు. అప్పుడు రాస్తే కోపం పోతుందని భయపడ్డాను. నిల్దా చేసిందని నీకు రాశానే, అప్పటికే నాకు తెలుసు తల్లీ. రికార్డింగులో ఆ ఒక్క చోటికి రాగానే తెలిసిపోయింది. తెలుసుకోవడం ఇష్టం లేక నిల్దా మీద పెట్టాను. ఆ రోజు మూడుసార్లు విన్నాను. ఒక్కసారే వినిపించాలమ్మా రూలు అంది మిలుస్కా, అయినా వినిపించింది.

సంతకం రోజున ఆ మాటలన్నీ కాగితం మీద అచ్చు వేసి ఉన్నాయి. నేను చెప్పనివన్నీ ఒక్కొక్కటి కొట్టేయాలట. మిలుస్కా చదువుతోంది, నేను కాదంటున్నాను, తను గీత పెడుతోంది. బీమాకి సరేనా, సరే. కాదు, గీత. మెయిల్, గీత. అలా కిందికి వచ్చాక అమ్మిన పిల్ల ప్రశ్న ఒకటి ఉంది, "మేడమ్, మీకు పిల్లలున్నారా?" అని. దాని కింద నా జవాబు, "ఒక్కతే కూతురు. లిమాలో ఉంటుంది."

ఇది కూడా మీరు చెప్పనిదే కదా అని మిలుస్కా పెన్ను పెట్టబోయింది. అది కొట్టేయకమ్మా, అది నిజమే అన్నాను.

బస్సు టిక్కెట్టు దీంట్లోనే ఉంది, గురువారానిది.

అమ్మ